పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి

పిల్లలూ – మనమూ : ఈ వారం ముచ్చట

"మీ పెద్దమ్మాయి ఎలాంటిదండీ?" అని పెళ్ళిలోనో పేరంటంలోనో ఎవరైనా అడిగారనుకోండి. మనం పెద్దగా ఆలోచించం. "మహా పిరికిదండీ, నోట్లో నాలుక లేదు" అనేస్తాం. మరి రెండోవాడు? "వాడొట్టి మొండిఘటం." చిన్నది? "దానికి నిదానం ఎక్కువ. నాలుగు ముద్దలు తినడానికి గంట పడుతుంది." ఇలా ఒక్కొక్కరినీ ఒక్కొక్క మాటలో తేల్చేసి, తాంబూలం అందుకుని ఇంటికొచ్చేస్తాం. పక్కనే నిలబడి వింటున్న పిల్లల ముఖాలు మాత్రం చూడం.

ఈ వారం ఆ మాటల సంగతే మాట్లాడుకుందాం. అయితే ఇందుకు సాక్ష్యంగా నేను పెద్ద పెద్ద పుస్తకాలేవీ తేవడం లేదు. మన పిల్లలు ఆడే ఒక వీడియో గేమ్‌ని తెస్తున్నాను. దాని పేరు పోకెమాన్. "అమ్మో, ఆ గోల మనకెందుకు!" అని పేజీ తిప్పెయ్యకండి. ఇందులో మన వంటింటి సంగతి కూడా ఉంది. ఉగాది పచ్చడి సంగతి కూడా ఉంది!

పురుగుల్ని పోగుచేసిన కుర్రాడు

పోకెమాన్‌ని తలపెట్టినాయన పేరు సతోషి తజిరి. 1965లో పుట్టారు. జపాన్‌లో టోక్యో నగరం శివార్లలో ఉన్న మచిదా ఆయన పెరిగిన ఊరు. చిన్నప్పుడు చెరువుగట్లూ పొలాలూ తిరిగి పురుగుల్ని పట్టి దాచుకోవడమంటే ఆయనకి మహా సరదా. ఊరు పెరిగింది. చెరువులూ పొలాలూ పోయి ఇళ్ళూ దుకాణాలూ వచ్చాయి. తనకి దొరికిన ఆ సరదా తర్వాతి పిల్లలకి దొరకదే అని ఆయన బాధ. ఆ బాధలోంచి పుట్టిన ఆట ఇది. 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో మొదటిసారి విడుదలైంది. అప్పుడు 151 రకాల జీవులు. ఇప్పుడు వెయ్యి దాటాయి. పసుపుపచ్చగా, బుగ్గలమీద ఎర్రటి చుక్కలతో ఉండే పికాచూని మీరూ ఏ స్కూలు బ్యాగుమీదో చూసే ఉంటారు.

ఆట చాలా సులువు. గడ్డిలో తిరుగుతుంటే జీవి ఎదురుపడుతుంది. ఒక బంతి విసిరి దాన్ని పట్టుకోవాలి. తిండి పెట్టి, తర్ఫీదు ఇచ్చి పెంచాలి. ఒకేసారి ఆరింటిని వెంట తీసుకెళ్ళవచ్చు. ఇతరుల జీవులతో పోటీకి దింపవచ్చు. ఓడిపోయిన జీవి సొమ్మసిల్లుతుంది, వైద్యం చేయిస్తే లేచి కూర్చుంటుంది.

మొదటి ఆటల్లో ఏ జీవికీ స్వభావం అన్నదే లేదు. 2002 నవంబరులో జపాన్‌లో రూబీ, సఫైర్ అనే రెండు ఆటలు వచ్చాయి. స్వభావాలు వాటితోనే వచ్చాయి. పిల్లలు వీటిని 'నేచర్' అంటారు. అప్పటినుంచీ రెండు పికాచూలు దొరికితే ఒకటి పిరికిది కావచ్చు, ఇంకొకటి మొండిది కావచ్చు. అచ్చం మన ఇంట్లో ఒకే కడుపున పుట్టిన ఇద్దరిలాగే!

ఇరవై అయిదు గళ్ళ ముగ్గు

ఈ స్వభావాల లెక్క కాస్త ఓపిగ్గా చదవండి. పప్పు ఉడికేలోపు అర్థమైపోతుంది.

ప్రతి జీవికీ ఆరు బలాలుంటాయి: ప్రాణబలం, దాడి, కాపుదల, ప్రత్యేక దాడి, ప్రత్యేక కాపుదల, వేగం. మీదపడి కొట్టేది దాడి. దూరంనుంచి మెరుపో మంటో విసిరేది ప్రత్యేక దాడి. స్థూలంగా అలా అనుకోండి. ఈ రెండు రకాల దెబ్బలకీ కాపుదల కూడా విడివిడిగా ఉంటుంది. ప్రాణబలాన్ని పక్కన పెడితే మిగిలినవి అయిదు. స్వభావం అన్నది ఈ అయిదింటిలో ఒకదాన్ని నూటికి పది పెంచుతుంది, ఇంకొకదాన్ని నూటికి పది తగ్గిస్తుంది. అడ్డంగా అయిదు, నిలువుగా అయిదు గళ్ళు వేసుకుంటే ఇరవై అయిదు స్వభావాలు వస్తాయి. పెరిగేదీ తగ్గేదీ ఒకటే అయిన గళ్ళు అయిదుంటాయి. ఆ అయిదింటికీ లాభమూ లేదు, నష్టమూ లేదు.

కొన్ని చూద్దామా? హేస్టీ, అంటే తొందర స్వభావం. వేగం పెరుగుతుంది, కాపుదల తగ్గుతుంది. రిలాక్స్‌డ్, అంటే నిమ్మళం. కాపుదల పెరుగుతుంది, వేగం తగ్గుతుంది. అడమెంట్, అంటే మొండి. దాడి పెరుగుతుంది, ప్రత్యేక దాడి తగ్గుతుంది. కేర్‌ఫుల్, అంటే ఆచితూచి నడిచేది. ప్రత్యేక కాపుదల పెరిగి ప్రత్యేక దాడి తగ్గుతుంది. మన ఇళ్ళల్లో కనిపించే మనుషులే కదూ!

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతులు రెండున్నాయి. ఒకటి, ఉత్త లాభమే ఉన్న స్వభావం ఈ ముగ్గులో ఒక్కటి కూడా లేదు. ఉత్త నష్టమే ఉన్నదీ లేదు. రెండోది, ప్రాణబలాన్ని ఏ స్వభావమూ ముట్టుకోదు. పిరికిదైనా, మొండిదైనా, బద్ధకపుదైనా స్వభావంవల్ల దాని ప్రాణం విలువ ఎక్కువా కాదు, తక్కువా కాదు.

ఇంకో తమాషా. లాభం నష్టం లేని ఆ అయిదు స్వభావాలు ఏమిటో తెలుసా? హార్డీ, డోసైల్, సీరియస్, బాష్‌ఫుల్, క్వర్కీ. అందులో డోసైల్ అంటే చెప్పినమాట వినేది. సీరియస్ అంటే బుద్ధిగా, గంభీరంగా ఉండేది. మనం పిల్లల్లో ఏది చూసి మురిసిపోతామో ఆటలో దానికి ప్రత్యేకంగా కలిసొచ్చేదేమీ లేదన్నమాట. అలాగని పోయేదీ లేదు. బుద్ధిమంతుల తల్లులు చిన్నబుచ్చుకోకండి సుమా!

పిరికిదే కావాలి!

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. ఈ ఆటని పట్టుదలగా, పోటీలకి ఆడేవాళ్ళు ఏరికోరి వెతుక్కునే స్వభావాల్లో ఒకటి ఏదనుకుంటున్నారు? టిమిడ్. అంటే పిరికి. జపాన్ భాషలో దాని పేరు 'ఒకుబ్యో'. దానికీ పిరికితనమనే అర్థం.

ఎందుకంటారా? పిరికిదానికి వేగం పెరుగుతుంది, దాడి తగ్గుతుంది. అలకజామ్ అనే జీవి ఉంది. రెండు చేతుల్లో రెండు చెంచాలు పట్టుకుని ఉంటుంది. దాని బలమంతా మనోశక్తిలో ఉంది, మీదపడి కొట్టడం దాని పని కాదు. దానికి దాడి తగ్గితే పోయేదేముంది? ఎలాగూ వాడని బలం! వేగం మాత్రం పెరిగింది. ఈ ఆటలో మామూలుగా ఎవరిది వేగం ఎక్కువైతే వాళ్ళదే మొదటి దెబ్బ. ఒక్క పాయింటు తేడా ఉన్నా చాలు. అందుకని అలకజామ్‌కి పిరికితనం వరం.

అదే నాలుగు చేతుల మచాంప్‌ని తీసుకోండి. దాని పని మీదపడి కొట్టడమే. దానికి పిరికి స్వభావం వచ్చిందంటే ఉన్న బలంలోనే కోత పడుతుంది. దానికి మొండితనం కలిసొస్తుంది. ఆ మొండితనమే తీసుకొచ్చి అలకజామ్‌కి పెడితే దాని మనోశక్తి తగ్గి, పనికిరాని కండబలం పెరుగుతుంది.

ఏడో తరగతి చదివే పక్కింటి కుర్రాణ్ణి, "ఒరే, ధైర్యం గలది మంచిది కాదట్రా?" అని అడిగాను. వాడు నావంక జాలిగా చూసి, "అలకజామ్‌కి ఎవరైనా బ్రేవ్ పెడతారా ఆంటీ? స్లో అయిపోదూ!" అన్నాడు. నిజమే. ఈ ఆటలో ధైర్యం గలదానికి దాడి పెరుగుతుంది గాని వేగం తగ్గుతుంది.

పోనీ నిదానమైనవాటికి బతుకు లేదా అంటే, ఉంది. 2006లో వచ్చిన ఆటలనుంచీ 'ట్రిక్ రూమ్' అనే ఉపాయం ఒకటి ఉంది. అది ప్రయోగిస్తే అయిదు వంతులపాటు లెక్క తిరగబడుతుంది. ఎవరు నిదానమైతే వాళ్ళే ముందు. అంతవరకూ వెనకబడ్డ నిదానపు జీవులు ఆ అయిదు వంతుల్లో రాజ్యమేలతాయి. స్వభావం అదే, జీవీ అదే. దాన్ని నిలబెట్టిన చోటు మారిందంతే.

ఆ కుర్రాడికి ఒక అక్క ఉంది. పదో తరగతి. చుట్టాలొస్తే లోపలి గదిలోకి వెళ్ళిపోయే రకం. వాళ్ళమ్మ "దీంతో వేగలేకపోతున్నాను వదినగారూ, ఒట్టి పిరికి పీనుగ" అంటూంటే వీడు ఆట ఆపకుండానే, "అక్కది టిమిడ్ నేచరమ్మా. అంటే ఫాస్ట్ అన్నమాట. లెక్కలు ఎంత ఫాస్ట్‌గా చేస్తుందో చూడు" అన్నాడు. వాళ్ళమ్మ నవ్వేసింది. నేను మాత్రం గుమ్మంలో నిలబడ్డ ఆ అమ్మాయిని చూశాను. తమ్ముడి మాటకి ఆ పిల్ల ముఖంలో వచ్చిన వెలుగు ఇన్నాళ్ళుగా మన పెద్దవాళ్ళ మాటలకి ఎప్పుడూ రాలేదు.

పుడకలతో పోనక్కర్లేదు

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అని మన సామెత. ఆటలో కూడా స్వభావం పుట్టుకతో వచ్చేదే. కానీ ఆ తర్వాత ఇచ్చే తర్ఫీదు తక్కువదేమీ కాదు. 2022లో వచ్చిన స్కార్లెట్, వయొలెట్ ఆటల్లో నూరో మెట్టు చేరిన జీవికి స్వభావంవల్ల 200 ఉన్న బలం 220 అవుతుంది. అంటే 20 పాయింట్లు. తర్ఫీదువల్ల ఒక్కో బలానికి 63 పాయింట్లదాకా వస్తాయి. పుట్టుకకంటే పెంపకానికే పెద్దపీట!

అయితే ఆ పెంపకానికీ ఒక హద్దుంది. తర్ఫీదు మొత్తం కలిపి 510 మార్కులు దాటకూడదు. ఒక్కో బలానికి 252 దాటకూడదు. రెండు బలాలకి పూర్తిగా పెట్టేస్తే మిగిలేది 6 మార్కులు. అన్నిట్లోనూ మొదటి రకంగా తయారైన జీవి ఈ ఆటలో ఉండదు. పొద్దున సంగీతం, మధ్యాహ్నం బడి, సాయంత్రం ట్యూషను, ఆపైన కరాటే, ఆదివారం హిందీ పరీక్షల క్లాసు అని పిల్లల్ని పరుగెత్తించే తల్లులు ఈ లెక్క ఒకసారి మననం చేసుకోవాలి.

వంటింట్లోకి వద్దాం

మన పెద్దలు 'పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి' అని బుద్ధినీ రుచినీ ఒకే మాటలో కట్టేశారు. విచిత్రమేమిటంటే ఈ ఆటలోనూ ఆ రెండింటికీ ముడిపెట్టారు!

ఇందులో రుచులు అయిదు: కారం, వగరు, తీపి, చేదు, పులుపు. ఉగాది పచ్చడిలోని ఆరు రుచుల్లో ఉప్పొక్కటే లేదు. ఒక్కో రుచికీ ఒక్కో బలంతో జత. కారానికి దాడి, పులుపుకి కాపుదల, వగరుకి ప్రత్యేక దాడి, చేదుకి ప్రత్యేక కాపుదల, తీపికి వేగం. స్వభావం ఏ బలాన్ని పెంచుతుందో ఆ రుచంటే జీవికి ఇష్టం. ఏ బలాన్ని తగ్గిస్తుందో ఆ రుచి గిట్టదు. పిరికిదానికి తీపి ఇష్టం, కారం గిట్టదు. మొండిదానికి కారం ఇష్టం, వగరు గిట్టదు. కామ్, అంటే శాంతస్వభావం గలదానికి చేదు ఇష్టం! కాకరకాయ కూర మారుమాట్లాడకుండా తినే పిల్లలు ఆ కోవలోవాళ్ళేమో అని నవ్వుకోండి. ఇది ఆట లెక్క మాత్రమే, నిజం పిల్లలకి అతికించకండి.

వంట కూడా ఉంది. 2002 ఆటల్లో బెర్రీపళ్ళని మిక్సీలాంటి యంత్రంలో వేసి ముద్దలు చేసి తినిపించాలి. నచ్చిన రుచైతే సంబరంగా తింటుంది, నచ్చనిదైతే ముఖం చిట్లించుకుని తింటుంది. 2006 ఆటల్లో 'పాఫిన్' అనే తినుబండారం చెయ్యాలి. గిన్నెలో పిండిని కలుపుతూనే ఉండాలి. మరీ జోరుగా కలిపితే ఒలికిపోతుంది, మరీ నెమ్మదిగా కలిపితే అడుగంటుతుంది. మైసూరుపాకు చేసిన చేతులకి ఇది వేరే చెప్పాలా! 2019లో వచ్చిన సోర్డ్, షీల్డ్ ఆటల్లోనైతే ఏకంగా కూర వండి అన్నంతో పెట్టాలి. మంటని విసనకర్రతో విసరాలి, గరిటెతో తిప్పాలి.

ఆ బెర్రీల్లో అయిదు రకాలు మాత్రం ప్రత్యేకం. నీరసించిన జీవి అవి తింటే తేరుకుంటుంది. కానీ ఆ పండు రుచి దాని స్వభావానికి గిట్టనిదైతే, ఒకవైపు బలం వస్తూనే మరోవైపు తికమకలో పడుతుంది. ఆ తికమకలో తనని తానే కొట్టుకుంటుంది. ఒకరికి మందైనదే ఇంకొకరిని తికమక పెడుతుంది. పెద్దవాడికి నాలుగు కేకలేస్తే దారికొచ్చాడు కదా అని చిన్నదానికీ అవే నాలుగు కేకలు వేస్తే ఏమవుతుందో ఇద్దరు పిల్లలున్న ఏ తల్లినడిగినా చెబుతుంది.

కష్టంలో బయటపడే గుణం

2004లో ఎమరాల్డ్ అనే ఆట వచ్చింది. అందులో 'బాటిల్ పాలెస్' అని ఒక పోటీశాల ఉంది. అక్కడ ఆడేవాళ్ళు తమ జీవికి 'ఇలా చెయ్యి, అలా చెయ్యి' అని చెప్పడానికి వీల్లేదు. అది తన స్వభావాన్నిబట్టి తనే నిర్ణయించుకుంటుంది. ఒకటి ఎక్కువగా కొట్టడానికే చూస్తుంది, ఒకటి కాచుకుంటుంది, ఒకటి ఎదుటివాణ్ణి ఉపాయంతో బలహీనపరుస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, ప్రాణబలం సగానికి పడిపోయాక చాలా జీవుల తీరు మారిపోతుంది. అంతవరకూ దూకుడుగా ఉన్నది కాపుదలకి దిగవచ్చు. నెమ్మదిగా ఉన్నది ఎదురుతిరగవచ్చు.

ఈ పోటీశాలలో నెగ్గాలంటే ఒకటే మార్గం. మీ జీవి సుఖంగా ఉన్నప్పుడు ఎలా ఉంటుందో, కష్టంలో ఎలా ఉంటుందో ముందే తెలిసి ఉండాలి. పరీక్షహాల్లో, హాస్టల్లో, కొత్త ఊళ్ళో మన పిల్లల పక్కన మనముండం. అక్కడ వాళ్ళ స్వభావమే వాళ్ళకి దిక్కు. నవ్వుతూ తిరిగే పిల్ల దెబ్బ తగిలినప్పుడు నోరు మూసుకునే రకమా, అమ్మకి ఫోన్ చేసి చెప్పే రకమా? ఇది పరీక్షలముందు కాదు, ఇప్పుడే, తీరిగ్గా ఉన్నప్పుడే గమనించుకోవాలి.

స్వభావాన్నిబట్టి రూపమే మారే జీవి కూడా ఉంది. 2019లో వచ్చిన టాక్సెల్ అనే పసికూన పెద్దయ్యాక, స్వభావం దూకుడుదైతే ఒళ్ళంతా పసుపు చారలతోనూ, నెమ్మదిదైతే నీలం చారలతోనూ తయారవుతుంది. రెంటి బలాలకీ మూలపు అంకెలు సమానమే. ఏది మేలని అడిగితే పిల్లలు తగువులాడుకుంటారు గాని తేల్చలేరు.

చెడ్డ వైపు కూడా చెప్పుకోవాలి

ఇంత మంచి ఆటలోనూ నాకు గుచ్చుకునే సంగతొకటి ఉంది. 1999లో వచ్చిన ఆటలనుంచీ జీవులు గుడ్లు పెడతాయి. పోటీలకి ఆడేవాళ్ళు తమకి కావలసిన స్వభావంతో, కావలసిన బలాలతో పిల్ల వచ్చేదాకా గుడ్డుమీద గుడ్డు పొదిగిస్తూనే ఉంటారు. పది, ఇరవై, యాభై... లెక్కకి అందవు. పనికొచ్చేదాన్ని ఉంచుకుంటారు. మిగిలినవాటిని పెట్టెలో మూలకి నెట్టేస్తారు, లేదా విడిచిపెట్టేస్తారు. వాటికి పేరుండదు, తిండి పెట్టేవారుండరు. స్వభావానికి విలువ ఇవ్వడమంటే ఇదీ ఒక రకమే. పనికొస్తేనే విలువ, లేకపోతే లేదు!

అదే ఆటని ఇంకో రకంగా ఆడే పిల్లలున్నారు. మొదటిరోజు దొరికిన జీవికి పేరు పెట్టుకుంటారు. దాని స్వభావం దాని పనికి పొసగనిదని తర్వాత తెలిసినా వదిలిపెట్టరు. ఆట చివరిదాకా దాన్నే వెంటబెట్టుకు తిరుగుతారు. ఏ స్వభావంతోనైనా ఆట కథ పూర్తి చెయ్యవచ్చు. నూటికి పది తేడా దానికి అడ్డం రాదు. ఆ పిల్లలకి తమ జీవి ఎప్పుడు వెనకబడుతుందో, ఎప్పుడు ముందుకి దూకుతుందో కంఠతా వచ్చేస్తుంది.

కంప్యూటర్లో గుడ్డు పోతే ఇంకో గుడ్డు వస్తుంది. అందులో తప్పూ పాపమూ లేదు. ఇంట్లో అలా కాదు. "పక్కింటి పిల్లని చూడు" అన్న ప్రతిసారీ మనం పిల్లలకి చెబుతున్నదేమిటి? 'నాకు కావలసిన గుడ్డు నువ్వు కాదు' అనేగా! మనం ఆ మాట అనకపోయినా వాళ్ళకి అలాగే వినబడుతుంది.

ఇంకొక్క సంగతి. 2019 ఆటల్లో 'మింట్' అని పుదీనాలాంటి ఆకు వచ్చింది. అది తినిపిస్తే జీవిలో పెరిగే బలం, తగ్గే బలం మారిపోతాయి. పిరికిదానికి మొండిదాని బలాలు వస్తాయి. కానీ దాని వివరాల పేజీలో స్వభావం పేరు మాత్రం మారదు. అక్కడ 'టిమిడ్' అనే ఉంటుంది.

ఇది చదువుతుంటే మీకెవరైనా గుర్తొచ్చారా? ఆరేళ్ళప్పుడు అమ్మ కొంగు చాటున దాక్కున్న పిల్ల, పదహారేళ్ళకి ఒక్కతే బస్సెక్కి కాలేజీకి వెళ్ళొస్తుంది, నాన్నకి ఒంట్లో బాగాలేకపోతే మందుల షాపుకి పరుగెత్తుతుంది, బ్యాంకులో ఫారాలు నింపుతుంది. అయినా చుట్టాల్లో దాని పేరు ఇంకా 'పిరికిదే'. పిల్ల మారినా మన పేజీలో పేరు మారలేదు. ఆ పేరు మార్చగలిగేది మనమే.

ఇలా చేసి చూడండి

• మీ ఇంట్లో ఈ ఆట ఆడేవాళ్ళుంటే, "నీ దగ్గరున్న వాటిలో నీకిష్టమైనదాని నేచర్ ఏమిటి?" అని అడగండి. పది నిమిషాలు మధ్యలో అడ్డురాకుండా వినండి. 2009నుంచి వచ్చిన చాలా ఆటల్లో పెరిగే బలాన్ని ఎరుపులోనూ, తగ్గేదాన్ని నీలంలోనూ చూపిస్తున్నారు. అది చూపించమనండి. ఫోనులో వీధులు తిరుగుతూ ఆడే పోకెమాన్ గోలో ఈ స్వభావాలు లేవు, అక్కడ వెతక్కండి.

• ఒక కాగితంమీద పిల్లలగురించి మీరు తరచూ అనే మాట రాయండి. దాని పక్కన ఆ గుణంవల్ల కలిసొచ్చేది ఒకటి, పోయేది ఒకటి రాయండి. 'మొండి' అంటే, పట్టిన పని విడవదు, మాట తొందరగా వినదు. 'నిదానం' అంటే, తప్పులు తక్కువ, బడి బస్సు తప్పిపోతుంది. రెండు గళ్ళూ నిండేదాకా లేవకండి. కలిసొచ్చేది ఎంతకీ తట్టకపోతే వాళ్ళ నాన్ననో, అమ్మమ్మనో, తోబుట్టువుల్నో అడగండి. ఎవరికో ఒకరికి కనబడే ఉంటుంది.

• ఆ గుణం పనికొచ్చే చోట పిల్లల్ని నిలబెట్టండి. మాట్లాడటానికి జంకే అమ్మాయికి పెళ్ళిపనుల్లో చదివింపుల లెక్క రాయమని పుస్తకం ఇవ్వండి. తొందరపాటు అబ్బాయికి కొట్టుకి పరుగెత్తే పని చెప్పండి. నిదానపు పిల్ల ముందు పెసరట్ల పెనం పెట్టండి, ఒక్కటీ మాడదు.

• ఏటా పుట్టినరోజునాడు కొత్త బట్టలతోపాటు ఆ కాగితం కూడా తీసి చూసుకోండి. ఇంకా అదే మాట నిజమా? కాకపోతే కొట్టెయ్యండి.

• ఆటకి మాత్రం వేళ పెట్టండి. హోంవర్క్ అయ్యాక, భోజనానికి ముందు. "ఇంకొక్క గుడ్డు పొదిగాక వస్తానమ్మా" అంటే నమ్మకండి. ఆ గుడ్లకి అంతుండదు!

అయిదు వేళ్ళూ ఒక్కలా ఉండవని మనకి తెలియనిది కాదు. ముద్ద కలపాలంటే ఆ అయిదూ కావాలి కూడా. ఈ సంగతి మన పిల్లలు ఒక ఆటలోంచి లెక్కలతో సహా నేర్చుకుంటున్నారు. రేపు వాళ్ళు తమ స్నేహితుల్ని, తోబుట్టువుల్ని, ఎప్పుడో ఒకనాడు తమ పిల్లల్ని కూడా అదే కళ్ళతో చూస్తే అంతకంటే కావలసిందేముంది?

మీ కాగితంమీద ఏయే గళ్ళు నిండాయో, ఏది నింపడానికి ఎక్కువసేపు పట్టిందో నాకు ఉత్తరం రాయండి. వచ్చేవారం మరో ముచ్చటతో కలుసుకుందాం.